వంతెన మీద పడవ భత్యం

మా ఆఫీసులో అందరికీ పడవ భత్యం వచ్చేది, పడవ ఎక్కే మనిషికి తప్ప. ఈ ఒక్క ముక్క చెబితే మా సంస్థ గురించి అంతా చెప్పినట్టే గానీ, వివరంగా చెప్పకపోతే మీరు నమ్మరు. నమ్మినా ఏదో మూల ఆఫీసులో జరిగిన చిన్న పొరపాటు అనుకుంటారు. మేము పొరపాట్లు చెయ్యం. ఏం చేసినా తీర్మానం చేసుకుని మరీ చేస్తాం.

మాది ప్రభుత్వ సంస్థ. కోనసీమ కొబ్బరి రైతుకి గిట్టుబాటు ధర ఇప్పించడానికని ఎప్పుడో పెట్టారు. రైతుకి ఆ ధర దక్కిందో లేదో నాకు తెలియదు గానీ, అందులో పనిచేసే మాకు మాత్రం ఏనాడూ గిట్టుబాటుకి లోటు రాలేదు. నేను అక్కడ లెక్కలు చూస్తాను. అంటే జీతాల బిల్లులు, కరెంటు బిల్లులు, టీ ఖర్చులు. మా ఆఫీసు గోదావరి పాయ ఒడ్డున ఉంటుంది. కిటికీలోంచి చూస్తే రేవు కనిపిస్తుంది. పాయకి అవతల ఒక లంక. ఆ లంకలో మాకో కొనుగోలు కేంద్రం ఉంది. కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, ఒక కాటా, తలుపుకి ఒక తాళం.

ఆ షెడ్డు వేసిన రోజుల్లో వంతెన లేదు. లంకకి వెళ్ళాలంటే పడవే. నేను ఉద్యోగంలో చేరకముందు, ఒకాయన తనిఖీకని వెళ్తూ రేవులో బురద మీద జారి కూలబడ్డారట. పడ్డది ఆయనొక్కరే అయినా నొప్పి అందరికీ పుట్టింది. వెంటనే బోర్డు కూర్చుని, ఈ ఆఫీసులో పనిచేసే ప్రతి ఉద్యోగికీ నెలనెలా పడవ భత్యం ఇవ్వాలని తీర్మానం చేసేసింది. నిజానికి ప్రభుత్వ సంస్థలో జీతం పైన పైసా ఇవ్వాలన్నా ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. అడిగితే కాదంటారేమోనని వీళ్ళు అడగలేదు. అడగలేదు కనక వాళ్ళు కాదనలేదు. కాదనలేదు కనక ఒప్పుకున్నట్టే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మావాళ్ళు అసలు పూజారికి కబురే పెట్టలేదు.

తర్వాత వంతెన వచ్చింది. అప్పటికి నేను ఉద్యోగంలో కుదురుకున్నాను. ప్రారంభానికి మేమంతా వెళ్ళాం, చప్పట్లు కొట్టాం, ఇచ్చిన మజ్జిగ తాగాం. తిరిగొచ్చి కుర్చీల్లో కూర్చున్నాక మాత్రం భత్యం గుర్తొచ్చింది. ఇంట్లో ఏదో జరగరానిది జరిగినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. ఆఖరికి అప్పటి మేనేజరు గారే గొంతు సవరించుకున్నారు.

“ఎందుకండీ అంత దిగులు? వంతెన మీద నుంచి వెళ్ళినా కింద గోదారి ఉంటాది కదండీ? ఏరు దాటుతున్నామా లేదా? దాటుతున్నాం. ఇంక భత్యానికి వచ్చిన లోటేంటండీ?”

“ఆయ్, మరేనండి,” అన్నాం అందరం ఒక్క గొంతుతో.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. మమ్మల్ని ఆ మాట అనడానికి వీల్లేదు. వంతెన వచ్చాక కూడా మేము ఓడ మల్లయ్యని మర్చిపోలేదు. ప్రతి నెలా ఒకటో తారీకున భక్తిగా తలుచుకున్నాం.

నేను సత్య హరిశ్చంద్రుడి ఇంటి ఆడపడుచునని చెప్పను. ఆ భత్యం నాకూ వచ్చింది, దాంతో ఒక మిక్సీ కొన్నాను. మా ఇంట్లో దాన్ని పడవ మిక్సీ అంటారు. మా ఆయన పచ్చడి కలుపుకుంటూ, “ఇవాళ్టిది వంతెన మీద నుంచి వచ్చిందా, రేవులోంచి వచ్చిందా?” అని వేళాకోళం చేసేవారు. తినే మనిషికి అంత ఎటకారం పనికిరాదని నేను గిన్నె తీసేసేదాన్ని.

ఇక పడవ ఎక్కే మనిషి సంగతి. మా ఆఫీసు ఊడ్చి, తుడిచి, కుండలో నీళ్ళు నింపి, మాకు టీలు తెచ్చి ఇచ్చే ఆవిడది ఆ లంకే. అందుకే ఆఫీసులో అందరం లంకావిడ అంటాం. ఆవిడ ఇల్లు అవతలి రేవుకి ఆనుకుని ఉంటుంది. వంతెన మాత్రం లంకకి ఆ చివరెక్కడో దిగుతుంది. కారున్నవాళ్ళకి అది దగ్గర, కాళ్ళున్నవాళ్ళకి దూరం. వంతెన మీదుగా రావాలంటే లంక పొడుగూతా నడిచి, వంతెన దాటి, మళ్ళీ ఏటిగట్టు వెంట వెనక్కి రావాలి. అందుకని ఎండైనా వానైనా ఆవిడ పడవలోనే వచ్చేది. మేమందరం వచ్చేసరికి నేల తడారిపోయి ఉండేది.

ఆవిడ మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి. పని మాది, మనిషి కాంట్రాక్టరుది, జీతం ఆ రెండింటి మధ్య ఎక్కడో దారి తప్పి, చిక్కి సగమై చేతికొచ్చేది. అందులో పడవవాడికి ఇవ్వగా మిగిలేది చూస్తే నాకు ఒళ్ళు మండేది. అందుకని ఒక దారి కనిపెట్టాను. నెలాఖరున ఆవిడ పడవ ఖర్చుని టీ ఖర్చుల్లో కలిపేసి ఇచ్చేదాన్ని. లెక్కల ప్రకారం మా ఆఫీసులో మనిషికి గుక్కెడు టీ కాదు, బిందెడు టీ తాగుతున్నాం. ఇప్పటి మేనేజరు గారు ఆ బిల్లు మీద సంతకం పెట్టేటప్పుడు కిటికీలోంచి కొబ్బరి చెట్ల వంక చూసేవారు. అది ఆయన మంచితనం.

లంకావిడకి మాత్రం ఆ ఏర్పాటు నచ్చేది కాదు. జీతాలు పెరిగాయన్న వార్త వచ్చినప్పుడల్లా నా బల్ల దగ్గరకొచ్చి నిలబడేది.

“అమ్మా, నాకూ పడవ భత్యం రాయించండి. మీ అందరికీ రాస్తన్నారు కదండీ.”

“ఇస్తూనే ఉన్నాం కదా, టీలో.”

“అదే వద్దంటన్నానండి. జీతంలో రాస్తే అది నాదండి. టీలో రాస్తే మీ దయండి.”

నేను ఏదో సర్దిచెప్పి పంపేదాన్ని. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయేది గానీ అడగడం మానేది కాదు. ఇంకేమీ అడిగేది కాదు కూడా. జీతం పెంచమని అడగలేదు, సెలవు అడగలేదు. ఆ పడవ డబ్బులు తన జీతంలో కనపడాలి, అంతే.

ఇలా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ సంస్థలన్నీ తమ సిబ్బందికి ఆమోదించిన జీతం కాక పైపైన ఏమేమి ఇస్తున్నాయో చెప్పాలట. అనుమతి లేనివి ఆపేయాలట. ఇప్పటిదాకా ఇచ్చింది వెనక్కి రాబడతారట. స్వయంగా చూడ్డానికి ఆర్థిక శాఖ నుంచి మనుషుల్ని పంపిస్తారట. అందులో మా సంస్థ పేరు లేదు, పడవ ఊసు లేదు. అయినా గుమ్మడికాయల దొంగ ఎవరంటే అందరం భుజాలు తడుముకున్నాం. ఇన్నేళ్ళది వెనక్కి కట్టాలంటే నా మిక్సీ ఒక్కటీ చాలదు.

మేనేజరు గారు మెత్తని మనిషి. ఎవరినీ నొప్పించరు, ఫైలుని కూడా నొప్పించరు, అందుకే ఏ ఫైలూ కదలదు. ఆయన ఆ రోజు మా అందర్నీ పిలిచి కూర్చోబెట్టారు.

“చూడండి మేడమ్ గారండీ, వచ్చే సారు మన కష్టం కళ్ళారా చూస్తే కాదనగలరా అండీ? ఆయన్ని పడవ మీదే లంకకి తీసుకెళ్దాం. మనందరం కూడా వెళ్దాం. రోజూ వెళ్తున్నట్టు.”

“వంతెన కనిపిస్తుంది కదండీ,” అన్నాను.

“అటు తిరక్కుండా కూర్చోబెడదామండి.”

వంతెనని దాచిపెట్టాలన్న ఆలోచన మా జిల్లాలో ఇంతకుముందు ఎవరికీ వచ్చి ఉండదు. ఆ సాయంత్రం ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మేనేజరు గారు సందేశం పెట్టారు. అందరూ పాత చెప్పులు వేసుకుని రాగలరు, పట్టుచీరలు కట్టుకోరాదు, రేవులో సెల్ఫీలు తీసుకోరాదు. కింద అందరూ దండం బొమ్మలు పెట్టారు.

ఈ హడావుడంతా చూసి సంతోషించింది లంకావిడ ఒక్కతే. “పడవ ఎవరెక్కుతున్నారో చూడ్డానికే వస్తన్నారంట కదండీ ఆ సారు?” అని నన్ను అడిగింది. అవునన్నాను. “అయితే నా పని అయినట్టేనండి,” అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది.

సారు మండుటెండల్లో వచ్చారు. సన్నటి మనిషి, మాట తక్కువ. కారు దిగగానే బొండం నీళ్ళు ఇచ్చాం. పూతరేకులు పెట్టాం. మధ్యాహ్నం పనసపొట్టు కూర, ములక్కాడ పులుసు, గడ్డపెరుగు. మా వైపు వచ్చిన మనిషిని ముందు తిండితో పడగొడతాం, తర్వాతే మాట్లాడతాం. అంత తిన్నవాళ్ళు మనకి వ్యతిరేకంగా రాస్తారా అని మావాళ్ళ నమ్మకం. సారు వడ్డించినవన్నీ తిన్నారు, బాగుందన్నారు, ఇంకో పూతరేకు కూడా అడిగి తీసుకున్నారు. చెయ్యి కడుక్కొచ్చి, “సరే, ఇప్పుడు పడవ చూపించండి,” అన్నారు.

అందరం రేవుకి బయల్దేరాం. మేనేజరు గారు సారు నెత్తిన గొడుగు పట్టి, తాను ఎండలో నడిచారు. టీ ఫ్లాస్కు, గ్లాసులు లంకావిడ చేతిలో. రేవులో దిగడానికి మెట్లు ఎటున్నాయో మాలో ఒక్కరికీ తెలియలేదు. లంకావిడ ముందు నడిస్తే వెనక మేము పెళ్ళికూతురి వెంట వచ్చినవాళ్ళలా దిగాం. పడవవాడు మమ్మల్ని చూసి లేచి నిలబడి, తలపాగా విప్పి, ఎంతో మర్యాదగా పలకరించాడు.

“దయచేయండి, దయచేయండి. ఏ ఊరండీ తమరిది? పెళ్ళివారా, అంతర్వేది దర్శనానికా?”

మేనేజరు గారు గబగబా ముందుకొచ్చారు. “అదేంటయ్యా, రోజూ వచ్చేవాళ్ళమే కదా! మర్చిపోయావా?” అన్నారు కళ్ళతో ఏవేవో సైగలు చేస్తూ.

పడవవాడు గోదావరి మనిషి. పెద్దమనిషి చెప్పిన మాట కాదనడం వాడికి చేతకాదు. “ఆయ్, అలాగేనండి. రోజూ వచ్చేవారేనండి,” అన్నాడు. ఆ వెంటనే, “చూసుకుని ఎక్కండి, తమరికి అలవాటు లేదు కదండీ,” అని చెయ్యందించాడు.  సారు జేబులోంచి కలం తీసి, మళ్ళీ పెట్టేసుకున్నారు.

ఎక్కాం. ఎక్కాక ఎవరు ఎక్కడ కూర్చోవాలో తెలియక అందరం ఒక పక్కకే వెళ్ళాం. పడవ ఒరిగింది. మేనేజరు గారు గొడుగు వదిలేసి సారు భుజం పట్టుకున్నారు. “సర్దుకుని కూచోండమ్మా, అటు నలుగురు ఇటు నలుగురు,” అని లంకావిడ మమ్మల్ని పిల్లల్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది. వంతెన వైపు వీపు పెట్టి సారుని కూర్చోబెట్టాలన్నది మా పథకం. కానీ నీళ్ళ మీదకొచ్చాక పడవ తన దారిన తిరుగుతుంది, మా మాట వినదు. సగం దూరం వచ్చేసరికి వంతెన సారు కళ్ళెదురుగా, పొడుగ్గా, ఎండలో తెల్లగా నిలబడి ఉంది.

“బాగుంది వంతెన,” అన్నారు సారు.

“ఆయ్,” అన్నారు మేనేజరు గారు. 

అప్పుడు సారు పడవవాడి వైపు తిరిగి, “వీళ్ళ ఆఫీసు నుంచి రోజూ నీ పడవ ఎక్కేదెవరయ్యా?” అని అడిగారు. వాడు ఇబ్బందిగా మేనేజరు గారిని చూసి, మమ్మల్ని చూసి, ఎవరినీ నొప్పించకుండా నిజం ఎలా చెప్పాలో తెలియక లంకావిడ వైపు గడ్డం చూపించాడు.

“నేనేనండి,” అంది ఆవిడ. ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన ప్రశ్న కదా.

“మీకు పడవ భత్యం ఎంతిస్తారమ్మా?”

“ఇవ్వరండి. ఈళ్ళందరికీ ఇస్తారండి, నాకే ఇవ్వరండి. అది రాయించమనే అడుగుతన్నానండి.”

 నేను నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. సారు చిన్న పుస్తకం తీసి, ఆవిడ చెప్పింది జాగ్రత్తగా రాసుకున్నారు. ఆవిడ నా వంక చూసి నవ్వింది. చూసేరా, రాసుకుంటున్నారు అన్నట్టు.

అక్కడితో అయిపోయినా ఏదో సర్దుకునేవాళ్ళమేమో. కానీ మా మర్యాద ఇంకా మిగిలి ఉంది. అవతలి రేవులో దిగేసరికి చెట్టు నీడన మా ఆఫీసు కారు నిలబడి ఉంది. ఇంజను ఆన్‌లో, ఏసీ ఆన్‌లో, వెనక సీటు మీద తెల్లటి తువ్వాలు పరిచి, పక్కన కొట్టడానికి సిద్ధంగా రెండు బొండాలు. సారుకి ఎండదెబ్బ తగలకూడదని, షెడ్డు దాకా నడవకూడదని, పొద్దున్న మేనేజరు గారే డ్రైవరుకి చెప్పి పంపించారు. పడవ కష్టం చూపించాలన్న మాట నిజమే గానీ, అతిథిని కష్టపెట్టడం మా వంటికి సరిపడదు. ఇంకే ఊళ్ళోనైనా ఇలాంటి పని పగవాడు చేస్తాడు. మా దగ్గర మర్యాదస్తుడు చేస్తాడు.

డ్రైవరు పరిగెత్తుకొచ్చి తలుపు తీశాడు. సారు ఎక్కలేదు.

“ఈ కారు కూడా పడవలోనే వచ్చిందా?”

“లేదండీ, వంతెన మీద నుంచి వచ్చేనండి. ఎంతండీ, పావుగంట. తమరి కోసం ముందే వచ్చి చల్లబరిచి ఉంచేనండి.” మెప్పు కోసం ఎదురుచూస్తున్న మొహం.

“మీకు పడవ భత్యం వస్తుందా?”

“ఆయ్, వస్తాదండి. తమరి దయ.”

సారు మొదటిసారి నవ్వారు. కారెక్కి, బొండం తాగి, షెడ్డు తాళం చూసి, వంతెన మీద నుంచే ఆఫీసుకి వచ్చేశారు. మేమూ కొందరం ఆ కారులోనే ఇరుక్కుని వచ్చాం. మిగతావాళ్ళు ఆటోలు మాట్లాడుకున్నారు. పడవలో తిరిగొచ్చింది లంకావిడ ఒక్కతే, ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని. వెళ్ళేముందు సారు నన్ను పిలిచి, పడవకి టిక్కెట్టు ఏమైనా ఇస్తారా అని అడిగారు. తన ప్రయాణ ఖర్చుల బిల్లులో పెట్టుకోవాలట. మా పడవవాడికి టిక్కెట్లు ఎక్కడివి? నేనే ఒక కాగితం మీద రసీదు రాసి, ముద్ర వేసి ఇచ్చాను. ఆ రోజు పడవ ఖర్చు చట్టబద్ధంగా రాబట్టుకున్నది ఆయనొక్కరే.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. తిన్న పూతరేకుల ప్రభావం అందులో ఎక్కడా లేదు. పడవ భత్యానికి ఆర్థిక శాఖ అనుమతి లేదు, తక్షణం ఆపాలి, ఇచ్చినదంతా ఎందుకు రాబట్టకూడదో చెప్పాలి. లంకావిడ మాట కూడా ఉంది అందులో. రోజూ పడవ ఎక్కే ఏకైక వ్యక్తికి ఈ భత్యం ఇవ్వడం లేదు కాబట్టి, దీనికీ పడవ ప్రయాణానికీ సంబంధం లేదని రుజువవుతోందట. ఎంత చక్కటి తర్కం! ఆవిడ నోరు తెరిచి తన బాధ చెప్పుకుంటే దాన్ని తీసుకెళ్ళి మా మీద సాక్ష్యంగా వాడుకున్నారు గానీ, ఆ బాధ సంగతేమిటని ఒక్క ముక్క రాయలేదు. చివర్లో ఇంకొకటి. ఈ కార్యాలయంలో టీ ఖర్చు మనుషులకి మించి ఉంది, సంజాయిషీ ఇవ్వగలరు.

ఆ రోజు మా ఆఫీసు శవం లేచిన ఇల్లులా ఉంది. మేనేజరు గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, స్పీకరు పెట్టి సారుకి ఫోను చేశారు. తిట్లు తినడానికి సిద్ధపడే చేశాం. అవతల నుంచి సారు గొంతు ఎంతో చల్లగా ఉంది.

“మీరు పడవ ఎక్కలేదన్నది నా అభ్యంతరం కాదండీ. ఎక్కారా, లేదా అన్నది మా శాఖ చూడదు. అనుమతి లేకుండా ఇచ్చారన్నదే నా అభ్యంతరం. అడిగి ఉంటే ఇచ్చేవాళ్ళం కదా? పేరు మార్చి, సరైన దారిలో పంపించండి.”

ఇంతే! ఇన్నేళ్ళ భయం, పాత చెప్పులు, వంతెనకి వీపు పెట్టి కూర్చోబెట్టడం, అన్నీ వృథా. ఎక్కని పడవకి డబ్బు తీసుకోవడం తప్పు కాదు, అడక్కుండా తీసుకోవడం తప్పు. మేనేజరు గారు అప్పటికప్పుడు ప్రతిపాదన రాయించారు. పడవ భత్యం పోయి, మారుమూల కేంద్రాల పర్యవేక్షణ భత్యం అయ్యింది. పాతదానికంటే కాస్త ఎక్కువే అడిగాం. అడగడం నేర్చుకున్నాక తగ్గి అడగడం ఎందుకు?

ఆ ప్రతిపాదనలో లంకావిడ పేరు కూడా చేర్చాలని నేను పట్టుబట్టాను. నెమ్మదిగా కాదు, గట్టిగానే అరిచాను. “ఈ గొడవంతటికీ పడవ ఎక్కిన మనిషి ఆవిడొక్కతేనండీ!” అన్నాను. మేనేజరు గారు రెండు చేతులూ జోడించారు. “ఎంతమాటండీ మేడమ్ గారూ, నాకు తెలీదాండీ? కానీ ఆవిడ మన ఉద్యోగి కాదు కదండీ. కాంట్రాక్టరుకి రాద్దామండి.” కాంట్రాక్టరుకి రాశాం. టెండరులో పడవ అన్న మాట లేదని ఆయనా ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. మా వైపు కాదనడం ఎవరికీ రాదు. అందరూ ఆయ్ అంటూనే ఉంటారు, పని మాత్రం కాదు.

టీ సంగతికి నేను ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చాను. దాపరికం ఎందుకు, మంచి పనే కదా అనుకున్నాను.

అనుమతి వచ్చింది. కొత్త భత్యం మంజూరు. ఇప్పటిదాకా తీసుకున్నది మానవతా దృష్టితో క్రమబద్ధం చేశారు. పైసా కట్టక్కర్లేదు. కాగితం చివర ఒకే ఒక్క అభ్యంతరం మిగిలింది. శాశ్వత ఉద్యోగి కాని మనిషికి టీ పద్దు కింద పడవ ఖర్చు ఇవ్వడం తీవ్రమైన క్రమరాహిత్యం, దీన్ని క్రమబద్ధం చేయడానికి వీల్లేదు, ఈ నెల నుంచే ఆపేయాలి. అన్నేళ్ళ మా ఆఫీసు పాపాల్లో, సర్కారు వారు క్షమించలేని పాపం అదొక్కటే తేలింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. మా పిడికిళ్ళన్నీ దులిపేసి, మొత్తం పాపం తీసుకెళ్ళి టీ గ్లాసులో పోశారు.

ఆ రోజు ఆఫీసులో పండగ. తాపేశ్వరం కాజాలు తెప్పించారు. తెచ్చిందీ, పళ్ళెంలో సర్ది అందరికీ పంచిందీ లంకావిడే. ఆవిడకి అసలు సంగతి తెలియదు. సారు చిన్న పుస్తకంలో తన మాట రాసుకోవడం కళ్ళారా చూసింది కదా, అందరిదీ వస్తే తనదీ వచ్చిందనే అనుకుంది. నా బల్ల దగ్గరకొచ్చి, మిగతావాళ్ళకంటే పెద్ద కాజా ఒకటి ఏరి నా ముందు పెట్టింది.

“నాది కూడా జీతంలోనే రాసేరాండీ అమ్మా?”

ఎలా చెప్పాలో తెలియక, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. జీతంలో రాయలేదని, టీలో ఇచ్చేది కూడా ఇంక ఇవ్వడానికి లేదని. చెబుతున్నంత సేపూ ఆవిడ మొహం చూడలేక కాజా వంక చూశాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. సారు రూలు ప్రకారం చేశారు, మేనేజరు గారు చేతులు జోడించారు, నేను నిజం రాశాను. అందరం కలిసి ఆవిడ చేతిలో ఉన్నది లాగేసుకున్నాం. చెప్పలేనంత సిగ్గేసింది.

“ఈ నెల నుంచి నా దగ్గర తీసుకోండి, నేనిస్తాను,” అన్నాను.

“వద్దమ్మా. మీరెందుకండీ ఇవ్వడం, ఆఫీసు ఇవ్వాల గానీ.” కాసేపు పళ్ళెం అంచు తుడుస్తూ నిలబడింది. “వంతెన మీద నుంచి నడిచొచ్చేస్తానండి. చీకటితోనే బయల్దేరితే సరిపోద్ది. ఆ సారుకి నేను చెప్పింది మీకేమీ చెరుపు చెయ్యలేదు కదండీ? మీయన్నీ నిలబడ్డాయి కదండీ?”

“నిలబడ్డాయి,” అన్నాను.

“ఆయ్. అదే పదివేలండి.”

ఆ మాట ఎటకారంగా అని ఉంటే నాకు బాగుండేది. ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. వంతెన కట్టాక మా ఆఫీసు నుంచి దాని మీద రోజూ నడిచే మొదటి మనిషి కూడా చివరికి ఆవిడే అయ్యింది.

పళ్ళెం తీసుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. “టీ తెమ్మంటారాండీ?”

వద్దనలేకపోయాను. తెచ్చింది, తాగాను. సాయంత్రం ఖర్చుల్లో రాశాను, టీ అని. ఇన్నేళ్ళలో ఆ పద్దు కింద నేను పూర్తిగా నిజం రాసింది అదే మొదటిసారి.